నాన్న ట్రంకు పెట్టె: ప్రాజెక్టు డైరీ

8 జూన్ 2025, ఆదివారం

నాన్న ట్రంకు పెట్టెను ఇవాళ మంచం కింద నుంచి బయటికి లాగాం. నేనూ అన్నయ్యా చెరో పిడి పట్టుకున్నాం. అడుగు రేకు తుప్పు పట్టి ఉండటంతో లాగిన మేరా గచ్చు మీద ఎర్రటి గీత పడింది. అమ్మ ఆ గీతను వెంటనే తుడవనివ్వలేదు. "సాయంత్రం తుడుద్దువులే" అంది.

ఆర్మీలో చేసి రిటైరైన నాన్న ఈ జనవరిలో, పుష్యమాసంలో పోయాడు. సంవత్సరీకం వచ్చేలోపు ఈ పెట్టెను బాగుచేసి, ఆయన మెడల్స్, ఫొటోలు, ఉత్తరాలు అందులో పద్ధతిగా సర్ది, ఆ రోజు వచ్చినవాళ్ళు చూసేలా ముందుగదిలో పెట్టాలని నా ఆలోచన. నాకు ఉద్యోగం ఉంది కాబట్టి ఆదివారాలే పని. ఏ వారం ఏం చేశానో రాస్తూ పోతాను. నేరేడ్‌మెట్, యాప్రాల్, అల్వాల్ వైపు మాజీ సైనికుల ఇళ్ళలో ఇలాంటి నల్ల పెట్టెలు చాలా ఉన్నాయి, ఎవరికైనా పనికొస్తుంది.

పెట్టెలో ఉన్నవి: బిస్కెట్ల డబ్బాలో ఆరు మెడల్స్. ఒక ఫొటో ఆల్బమ్. పురికొసతో కట్టిన నీలం ఇన్‌లాండ్ ఉత్తరాలు, అన్నింటి మీదా 'కేరాఫ్ 99 ఏపీఓ' లేదా '56 ఏపీఓ' (ఆర్మీ పోస్టాఫీసు). మూడు క్యాసెట్లు. గడ్డం గీసుకునే మగ్గు. అడుగున, పాత లుంగీలో చుట్టి, పొడుగు నోటు పుస్తకాలు పద్నాలుగు. అవేంటో అన్నయ్యకూ తెలియదు. ముందు రేకు పని అవ్వనీ అని పక్కన పెట్టాను.

15 జూన్

రాణిగంజ్ వెళ్ళి సామాను తెచ్చాను. ఇనప బ్రష్, 80, 120, 220 నంబర్ల ఉప్పుకాగితం, తుప్పును ఆపే ఫాస్ఫారిక్ యాసిడ్ ద్రావణం, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక లీటరు, నల్ల ఎనామిల్ అర లీటరు.

అడుగు భాగం పూర్తిగా గీకాను. రెండు చోట్ల రేకు చిల్లు పడింది. మా వీధి చివర వెల్డింగ్ చేసే అతను లోపలి నుంచి చిన్న ముక్కలు పెట్టి అతికాడు, డబ్బు తీసుకోలేదు. "ఫౌజీ తాత పెట్టెకు పైసలేంది అక్కా" అన్నాడు. అతను పదో తరగతి ఫెయిలయినప్పుడు నాన్న రోజూ సాయంత్రం కూర్చోబెట్టి లెక్కలు చెప్పి మళ్ళీ పరీక్ష రాయించాడట. మాకు ఇంట్లో ఈ సంగతి తెలియనే తెలియదు.

22 జూన్

ఇవాళ పొరపాటు చేశాను.

మూత మీద తెల్ల పెయింటుతో నాన్న నంబరు, ర్యాంకు, పేరు ఉన్నాయి. వాటిని ముట్టుకోకూడదని మొదటి రోజే అనుకున్నాను. పక్కన జిడ్డు తుడుద్దామని గుడ్డ మీద థిన్నర్ పోసుకున్నాను. అది అంచు వరకూ పాకి ర్యాంకు అక్షరాలు మెత్తబడ్డాయి. గుడ్డ తీసి చూస్తే 'హెచ్ ఏ వీ' (హవల్దారు) అన్న మూడక్షరాలు సగానికి పైగా పోయాయి. గుండె ఝల్లుమంది. పది నిమిషాలు ఆ పెట్టె పక్కనే కూర్చుండిపోయాను.

తర్వాత టార్చి పెట్టి చూస్తే ఆ అక్షరాల కింద ఇంకో వరస కనిపించింది. 'ఎన్ కే', అంటే నాయక్. ఇంకా కింద, పసుపు తిరిగిన తెలుపులో, 'సీ ఎఫ్ ఎన్'. అంటే క్రాఫ్ట్స్‌మన్. మిగతా చోట్ల సిపాయి అనేవాణ్ణి, ఆర్మీ వాహనాలూ యంత్రాలూ బాగుచేసే ఈఎంఈ విభాగంలో క్రాఫ్ట్స్‌మన్ అంటారు. నాన్న 1967లో పద్దెనిమిదేళ్ళకు వెహికల్ మెకానిక్‌గా చేరాడు. శిక్షణ సికింద్రాబాద్‌లోనే. 1991లో హవల్దారుగా రిటైరయ్యాడు. ప్రమోషన్ వచ్చినప్పుడల్లా పాత ర్యాంకు మీద నల్లరంగు కొట్టించి కొత్తది రాయించాడన్నమాట.

అన్నయ్య మళ్ళీ పెయింటర్‌తో రాయిద్దామన్నాడు. నేను వద్దన్నాను. ఇరవై నాలుగేళ్ళు ఒకేచోట ఒకదాని కింద ఒకటి కనిపిస్తుంటే దాన్ని కప్పేయడానికి చేయి రాలేదు. మూత మీద మాస్కింగ్ టేపు వేసి, చుట్టూ మాత్రమే రంగు కొడతాను. మీరు ఇలాంటి పెట్టె బాగుచేస్తుంటే అక్షరాలకు నాలుగు వేళ్ళ దూరం లోపు థిన్నర్ పెట్టకండి. నీళ్ళలో తడిపి గట్టిగా పిండిన గుడ్డ చాలు.

13 జులై

లష్కర్ బోనాలు. పొద్దున ఉజ్జయిని మహంకాళి గుడికి వెళ్ళి వచ్చాం. క్యూలో నిలబడినప్పుడల్లా నాన్న ఒక కథ చెప్పేవాడు: 1813లో కలరా వచ్చినప్పుడు ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య అనే మిలిటరీ డోలీబేరర్ మొక్కుకుని, తిరిగి వచ్చి ఇక్కడ అమ్మవారిని నిలిపాడంటారు. "జనరల్ కాదు, డోలీ మోసేవాడు" అని ఆ మాట దగ్గర ఆగేవాడు.

మధ్యాహ్నం మెడల్స్. 1971 బంగ్లాదేశ్ యుద్ధానికి ఇచ్చిన పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్, ఇంకా సైన్య సేవా మెడల్, స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయినప్పుడు 1972లో ఇచ్చింది, తొమ్మిదేళ్ళ సర్వీసుది, ఇరవయ్యేళ్ళ సర్వీసుది. పూర్వీ స్టార్ అయిదు కోణాల నక్షత్రం, మిగతావి గుండ్రటివి. గుండ్రటి వాటి అంచు మీద నంబరూ పేరూ చిన్న అక్షరాల్లో చెక్కి ఉన్నాయి. భూతద్దం పెడితేనే చదవగలం.

అమ్మ చూసి, "చింతపండు వేసి తోమితే తళతళలాడతాయే" అంది. నిజమే, మెరుస్తాయి. కానీ చింతపండులోని పులుపు గానీ ఇత్తడి పాలిష్ గానీ ప్రతిసారీ లోహాన్ని కొంచెం కొంచెం తింటుంది. ముందు పోయేది అంచు మీది పేరే. పొడి మెత్తగుడ్డతో ఒకసారి తుడిచి వదిలేశాను. వేళ్ళ చెమట తగలకుండా నూలు గ్లోవ్స్ వేసుకున్నాను. రిబ్బన్లు ఎండకు వెలిసిపోతాయి కాబట్టి గోడకు ఫ్రేము కట్టి తగిలించే ఆలోచన మానేశాం. పెట్టెలోనే ఉంటాయి, చూడాలన్నవాళ్ళకు తెరిచి చూపిస్తాం.

ఆ యుద్ధం గురించి నాన్న చెప్పింది తక్కువ. 1971 డిసెంబర్ 3 నుంచి 16 వరకు ఆయన అగర్తలా వైపు వర్క్‌షాప్‌లో ఉన్నాడు. బురదలో కూరుకుపోయిన శక్తిమాన్ లారీలు లాగడం, రేడియేటర్లు మార్చడం, రాత్రుళ్ళు టార్చికి గుడ్డ కట్టుకుని ఆ మసక వెలుతురులో పని. ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయిందన్న వార్త వచ్చినప్పుడు తాను బండి కింద పడుకుని ఉన్నాననీ, ఎవరో కాలు పట్టి బయటికి లాగి చెప్పారనీ, విని మళ్ళీ కిందికే వెళ్ళాననీ అనేవాడు. "నట్టు సగంలో ఉంది మరి" అనేవాడు. చిన్నప్పుడు ఈ జవాబు నాకు చాలా నిరాశగా ఉండేది. కథలో కాల్పులు కావాలి నాకు. ఇప్పుడు ఆ సగంలో ఉన్న నట్టే గుర్తుంది.

10 ఆగస్టు

రెండు వారాలు వానలు, రంగు ఆరలేదు. ఆల్బమ్ పని మొదలుపెట్టాను.

ఇది జిగురు పేజీల ఆల్బమ్, పైన ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఎనభైల్లో అందరి ఇళ్ళలో ఇవే. ఆ జిగురు ఏళ్ళ తరబడి ఫొటో వెనకను పట్టేసుకుంటుంది. గోటితో లాగితే ఫొటో విరుగుతుంది. పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే సన్నటి దారం, అదే డెంటల్ ఫ్లాస్, ఫొటో వెనక్కి దూర్చి రంపంలా అటూ ఇటూ మెల్లగా లాగాలి. ఒక్కో ఫొటోకు అయిదు నిమిషాలు పట్టింది. నలభై రెండు తీశాను, ఒక్కటి చిరిగింది. అన్నీ 600 డీపీఐలో స్కాన్ చేశాం. వెనక మెత్తటి పెన్సిల్‌తో ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరం అని రాశాను. పెన్ను వాడకూడదు, సిరా ముందు వైపుకు దిగుతుంది.

యూనిఫాంలో ఉన్నవి పదకొండే. మిగతావన్నీ ఇంటివి. నా కూతురికి జడలు వేస్తున్న ఫొటో ఒకటి ఉంది. నేను పొద్దున్నే డ్యూటీకి వెళ్ళే రోజుల్లో రెండు జడలూ ఆయనే వేసి, రిబ్బన్లు కట్టి, స్కూలుకు నడిపించుకుంటూ తీసుకెళ్ళేవాడు. పాపిడి స్కేలు పెట్టి గీసినట్టు ఉండేది. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయిన మూడు నెలలు వంట కూడా ఆయనదే. పప్పు, చారు, రాత్రికి చపాతీ. మెస్సులో నేర్చిన చపాతీ మాత్రం మా ఇంట్లో ఇంకెవరికీ రాలేదు.

31 ఆగస్టు

క్యాసెట్లు. ఈ వారం గురించి ఎక్కువ రాస్తాను.

కోఠి గుజరాతీ గల్లీలో రిపేరు చేసిన క్యాసెట్ డెక్ ఒకటి దొరికింది. ముందు హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచాను. టేపు చాలా ఏళ్ళు కదలకుండా ఉంటే నేరుగా ప్లే నొక్కకూడదు. మొదట చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్ళీ వెనక్కి తిప్పాలి, అప్పుడు చుట్టలు సమానంగా సర్దుకుంటాయి. ఒక క్యాసెట్‌లో టేపును హెడ్‌కు ఒత్తి పట్టే చిన్న ఫెల్టు ముక్క ఊడిపోయింది. అయిదు స్క్రూలు విప్పి, టేపు చుట్టలను ఇంకో ఖాళీ క్యాసెట్ డొల్లలోకి మార్చాను. డెక్ నుంచి ల్యాప్‌టాప్‌కు, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. ఎంపీ3 తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు.

మొదటి రెండింటిలో పాటలు, రేడియో నుంచి పట్టుకున్నవి. మూడోది 1986ది, నాన్న ఎక్కడో ఉత్తరాన పోస్టింగ్‌లో ఉండి పంపింది. కొంచెం గరగర, వెనక ఎక్కడో జనరేటర్ మోత, తర్వాత నాన్న గొంతు. ముప్పై ఏడేళ్ళ నాన్న గొంతు. అన్నయ్యకు పన్నెండో ఎక్కం అప్పజెప్పమన్నాడు. నన్ను పాలు తాగమన్నాడు. తర్వాత ఒక క్షణం ఆగి అమ్మను ఉద్దేశించి అన్నాడు: "ఇక్కడి నుంచి నువ్వొక్కదానివే వినాలి. టేపు ఆపి, ముందు తలుపు వేసుకో."

నేను ఆపేశాను.

అమ్మకు చదువు రాదు. ఆయన ఉత్తరాలు పోస్ట్‌మన్ చదివేవాడు, లేకపోతే పక్కింటి మాస్టారు చదివేవారు. అమ్మ ఇవాళ చెప్పింది: "నాకు రాసిన ఉత్తరం అరుగు మీద అందరూ విన్నాకే నాకు చేరేది. ఒకసారి సెలవులో వచ్చినప్పుడు మీ నాన్నతో అన్నాను, నాకు సిగ్గుగా ఉంటోంది, ఇక రాయొద్దని. ఆ తర్వాతే ఈ టేపులు." అప్పుకు టేప్‌రికార్డర్ కొని ఇంట్లో పెట్టి వెళ్ళాడట.

అమ్మకు హెడ్‌ఫోన్స్ పెట్టి, గదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేశాను. రికార్డింగ్ మాత్రం ఆగకూడదు కదా, ల్యాప్‌టాప్ ఇవతల నా ముందుంది. శబ్దం వినకుండా తెర మీద అలలు మాత్రమే చూస్తూ స్థాయి ఎక్కువ కాకుండా సరిచేశాను. ఇరవై రెండు నిమిషాలు. అలలు ఎక్కడ లేస్తున్నాయో, ఎక్కడ పడుతున్నాయో చూశాను, అంతే. ఆ ఫైలు అమ్మ ఫోన్‌లో వేశాను. నా దగ్గర కాపీ ఉంచుకోలేదు.

21 సెప్టెంబర్

నోటు పుస్తకాలు తెరిచాను.

మొదటిది 1994. ఆర్మీ నుంచి వచ్చాక నాన్న ఒక బ్యాంకులో గన్‌మన్‌గా చేశాడు. ప్రతి నవంబర్‌లో పెన్షనర్లు తాము బతికే ఉన్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇవ్వకపోతే పెన్షన్ ఆగుతుంది. తలుపు దగ్గర తుపాకీతో నిలబడి ఆయన ఆ క్యూలను చూశాడు. మొదటి పేజీలో ఇలా రాసుకున్నాడు: "మూడు రోజుల నుంచి ఒక తల్లి వచ్చి తిరిగిపోతోంది. భర్త సిపాయి. పీపీఓ ఉంది, తీయడం తెలియడం లేదు." (పీపీఓ అంటే పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు.) అక్కడ మొదలైంది.

తర్వాత ముప్పై ఏళ్ళు. మేమంతా నాన్న నవంబర్‌లో 'ఫ్రెండ్స్‌ని కలవడానికి' తిరుగుతాడని అనుకున్నాం. డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినోత్సవానికి జెండాలు పట్టుకుని విరాళాలకు వెళ్ళేవాడు, అది తెలుసు. ఆ రోజు 1949లో మొదలైందనీ, తానూ ఆ ఏడే పుట్టాననీ గర్వంగా చెప్పేవాడు. తొంభై రోజులకోసారి రక్తం ఇచ్చేవాడు. అరవై అయిదు దాటాక ఇక రక్తం తీసుకోబోమని చెప్పినప్పుడు ముఖం చిన్నబుచ్చుకుని ఇంటికొచ్చాడు, అదీ తెలుసు. ఈ పుస్తకాల సంగతి తెలియదు.

ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. భర్త రెజిమెంట్, పీపీఓ నంబరు, ఆర్మీ రికార్డులో ఆమె పేరు, ఆధార్‌లో పేరు, రెండూ కలుస్తున్నాయా లేదా. కలవకపోతే, రికార్డులో మార్పు చేసే పార్ట్ టూ ఆర్డర్‌కు రికార్డ్స్ ఆఫీసుకు రాసిన తేదీ. వేళ్ళు అరిగి వేలిముద్ర పడనివాళ్ళ పేరు పక్కన చిన్న గుర్తు. పక్కనే మనుషుల గురించి: "కుడి చెవి వినపడదు, ఎడమ వైపు కూర్చోవాలి." "కొడుకు ఎదుట పెన్షన్ ఎంతో అడగొద్దు." "చదివి వినిపించేటప్పుడు తలుపు వేయాలి."

ఈ చివరి మాట నాలుగు పేజీల్లో ఉంది.

ప్రతి పేజీలో ఎర్ర గీతతో ఒక తేదీ: ఎనభై ఏళ్ళు నిండే నెల. ఎందుకో తెలుసుకుని ఆశ్చర్యపోయాను. ఎనభై నిండితే మూల పెన్షన్ మీద 20 శాతం అదనం, ఎనభై అయిదుకు 30, తొంభైకి 40, తొంభై అయిదుకు 50, నూరేళ్ళకు నూరు శాతం. ఫ్యామిలీ పెన్షన్‌కు కూడా ఇదే లెక్క. కానీ పాత పీపీఓల్లో చాలాసార్లు భార్య పుట్టిన తేదీ ఉండదు. తేదీ లేకపోతే ఎనభై నిండినట్టు ఎవరికీ తెలియదు, డబ్బు రాదు, అడగాలని ఆమెకూ తెలియదు. మీ ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో సైనికుడి పెన్షన్ తీసుకుంటుంటే, ఇది చదివిన వెంటనే వెళ్ళి పీపీఓలో పుట్టిన తేదీ ఉందో లేదో చూడండి. ఈ డైరీ మొత్తంలో ఇదొక్కటి చేసినా చాలు.

చివరి పుస్తకంలో ముప్పై ఒక్క పేర్లు. ఒక పేజీలో పోయిన డిసెంబర్‌లో రాసింది: "2025 అక్టోబర్‌కు 80 నిండుతాయి. పుట్టిన తేదీ రికార్డులో లేదు. సంక్రాంతి తర్వాత ఆధార్, ఓటరు కార్డు జిరాక్సులు తీసుకోవాలి." చేతిరాత అప్పటికే వణికింది.

5 అక్టోబర్

ఇంట్లో వాదన జరిగింది. నోటు పుస్తకాలు అద్దం కింద తెరిచి పెట్టాలని అన్నయ్య పట్టు. "మెడల్స్ చాలామందికి ఉంటాయి, ఇది ఎవరికుంది? నలుగురూ చూడాలి" అన్నాడు. తప్పేం కాదు, నాకూ మొదట అలాగే అనిపించింది. అమ్మ ఒక్కటే మాట అంది: "వాళ్ళ కాగితాలు అరుగు మీద పెడతారా?"

పుస్తకాలు స్కాన్ చేయడం లేదు. పాత పదమూడూ నూలు గుడ్డలో చుట్టి అడుగున పెడతాం. పద్నాలుగోది మాత్రం పైన, చేతికి అందేలా ఒక ట్రే చేయించి అందులో ఉంచుతాను. ట్రేకు ప్లైవుడ్ అనుకున్నాను కానీ దాని జిగురు ఆవిరి కాగితానికీ లోహానికీ మంచిది కాదని మానేసి, అల్యూమినియం రేకుతో చేయించాను.

26 అక్టోబర్

రంగు పని ముగిసి ఆరు వారాలైంది. కొత్త ఎనామిల్ వాసన పూర్తిగా పోయేదాకా కాగితాలు లోపల పెట్టి మూసేయకూడదు. మూత తెరిచి, ఎండ తగలని చోట ఉంచాను. లోపల గంజి లేని ఉతికిన మల్లు గుడ్డ పరిచాను. సిలికా జెల్ సంచులు నాలుగు మూలలా పెట్టాను. నాఫ్తలీన్ ఉండలు మానేశాం.

2 నవంబర్

పొద్దున ఏడుకే నాన్న ఫోన్ మోగింది. ఆ నంబరు తీసేయలేదు, అమ్మ దగ్గరే ఉంటుంది. అల్వాల్ నుంచి ఒక పెద్దావిడ. "బిడ్డా, అన్న లేడని తెల్సు. నవంబర్ వచ్చింది గదా. నా కాగితం ఎట్ల మరి?"

పద్నాలుగో పుస్తకం తీసి చూశాను. అక్టోబర్‌కు ఎనభై నిండుతాయని రాసిన పేజీ ఆవిడదే.

మధ్యాహ్నం వెళ్ళాను. వేలిముద్ర పడదని నాన్న గుర్తు పెట్టాడు కాబట్టి ఫోన్‌లో ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్ ఫేస్ యాప్‌తో ప్రయత్నించాను. దానికి ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ కూడా ఉండాలి. పెన్షన్ ఇచ్చే సంస్థ ఏదని అడిగిన చోట బ్యాంకు పేరు కాకుండా స్పర్శ్ (రక్షణ శాఖ పెన్షన్ల ఆన్‌లైన్ వ్యవస్థ) ఎంచుకోవాలి, ఆవిడ పెన్షన్ అటు మారింది. గదిలో వెలుతురు చాలక రెండుసార్లు విఫలమైంది. కుర్చీ వాకిలి దగ్గరికి జరిపి, ఎదురుగా వెలుతురు పడేలా కూర్చోబెడితే మూడోసారి తీసుకుంది. ప్రమాణ్ ఐడీ మెసేజ్ వచ్చింది. అది పుస్తకంలో పెన్సిల్‌తో రాశాను.

తర్వాత పీపీఓ తీసి, ఏమేం ఉందో చదివి వినిపించాలి. కోడలు టీ తెచ్చి అక్కడే నిలబడింది. నేను టీ తాగేదాకా ఆగి, ఆమె వెళ్ళాక లేచి తలుపు వేశాను. ఆవిడ నన్ను చూసి చిన్నగా నవ్వింది.

పుట్టిన తేదీ చేర్చమని అర్జీ రాశాం. ఆధార్, ఓటరు కార్డు జిరాక్సులు జత చేశాం.

9 నవంబర్

ముప్పై ఒక్కరిలో ఇద్దరు ఈ ఏడాదిలో పోయారని వాళ్ళ ఇళ్ళకు ఫోన్ చేస్తే తెలిసింది. మిగిలిన ఇరవై తొమ్మిది మందిలో ఇప్పటికి పదకొండు అయ్యాయి. అన్నయ్య సఫిల్‌గూడ, మల్కాజిగిరి వైపు తీసుకున్నాడు, అయిదుగురు. యాప్రాల్ నాది. ఒకరి మోకాళ్ళు బాగాలేవు, మంచం దగ్గరికే వెళ్ళాలి.

పెట్టె విషయానికొస్తే, తాళం గడియకు కొత్త మేకు వేయాలి. మూత లోపలి గుడ్డ ఇంకా అంటించలేదు. ట్రేలో పద్నాలుగో పుస్తకం ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది, అది ఈ నెలంతా నా బ్యాగులోనే ఉంటుంది.